వంతు తప్పిన ఆదివారం

ఫ్యాను తిరుగుతూనే ఉంది గాని గాలి కిందికి దిగడం లేదు. ఈ ఇనుప బెంచీ మీద మేం ముగ్గురం, ఎడం పక్క నా కొడుకు జాన్ పాల్, కుడి పక్క నా పెద్దకూతురు డయానా, వాళ్ళిద్దరికీ మాటల్లేవు కాబట్టి మధ్యలో నేను, గట్టులాగా. ఎదురుగా మూసిన తలుపు. ఆ తలుపు వెనక పిల్లల కమిటీ మేడమ్ గారు వేరే ఎవరి సంగతో వింటున్నారు, వాళ్ళది అయ్యాక మాది. మా మనవరాలిని కొన్నాళ్ళు మా దగ్గర ఉంచుకోనివ్వండి అని అడగాలి. మా పిల్లని మాకివ్వమని అడగడానికి చల్లపల్లి నుంచి తెల్లారుజామున బస్సెక్కి విజయవాడ వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా పిలుస్తారా అని తలుపు వంక చూస్తూ కూర్చున్నాను. గోడ మీద ఏనుగు బొమ్మ, కుందేలు బొమ్మ, రంగులు కొత్తవి, కుందేలు ఒక చెవి ఉండాల్సిన చోట స్విచ్చి బోర్డు ఉంది. ఈ గోడకి అవతలే హోము. అందులోనే ఎక్కడో వినీల ఉంది, ఆరేళ్ళ పిల్ల, నా చిన్నకూతురు క్రిస్టినా బిడ్డ. అన్నం తిందో లేదో. దానికి పెరుగు పడదు, వేస్తే వద్దని చెప్పదు, నోట్లో పెట్టుకుని మింగకుండా అట్లాగే కూర్చుంటుంది. ఆ సంగతి వీళ్ళకెవరు చెబుతారు. లోపలికి వెళ్ళగానే ముందు అదే చెప్పాలి అనుకుంటున్నాను, చెప్పనని నాకే తెలుసు.

మాట నాకు రాదు. రాకపోవడం కాదు, అవసరం పడలేదు. కాలువ లాకుల దగ్గర షట్టర్లు ఎత్తే లస్కరుకి మాటలతో ఏం పని. ఇంత ఎత్తు అని పైనుంచి కబురొస్తుంది, ఎత్తుతాను. దించమంటారు, దించుతాను. ఎందుకని నేనడగను, వాళ్ళు చెప్పరు. ఇనుప చక్రం తిప్పుతుంటే షట్టరు కింద నీళ్ళు ముందు బుసకొడతాయి, తరవాత గర్జిస్తాయి, ఆ హోరులో పక్కవాడు అరిచినా వినపడదు, ఆ హోరులోనే పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ముగ్గురూ ఆ చప్పుడుకే నిద్రపోయారు. నీళ్ళు తక్కువైన ఏడాది వంతులు పెట్టేవాళ్ళు. ఎగువ ఊరికి ఒక వారం, దిగువ ఊరికి ఒక వారం, చివరి ఊరికి ఒక వారం. వంతు రోజున ఎవరూ ఎవరికీ కబురు పెట్టరు. పారలు భుజాన వేసుకుని తెల్లారేసరికి తూము దగ్గర నిలబడి ఉంటారు, నేను వెళ్ళేసరికి బీడీలు కాలుస్తూ ఉంటారు, తమ్ముడూ ఎత్తు అంటారు, ఎత్తుతాను. ఎప్పుడూ ఒక్క మనిషికి కూడా నేను, రేపు మీ వంతయ్యా అని చెప్పిన పాపాన పోలేదు. వచ్చేవాళ్ళు. నీళ్ళ కోసం మనుషులు రాకుండా ఎట్లా ఉంటారు.

"నాన్నా, ఎవరికీ చెప్పకుండా పిల్లని బస్సెక్కిస్తారా? పార్సిలేంటి?" అంటున్నాడు జాన్ పాల్, నా వంక చూస్తూ. డయానాతో అనాల్సినవి నాతో అంటాడు.

"నాన్నా, నీ కొడుక్కి చెప్పు," అంటోంది డయానా, ఆమె కూడా నా వంకే చూస్తూ. "జొరమొచ్చి పిల్ల నీ దగ్గరే ఉండిపోయిన వారం ఆయనది. నా వారం అయ్యాక ఆయన వారం ఆయనకి పంపిచ్చా. తప్పేముంది?"

"మురిగిన వంతు మురిగిందే. కాలవ మీద అంతే గదా నాన్నా? నా వారం జొరంలో పోయింది, పోయిందే. తరవాత నీ కూతురి వారం, ఆ తరవాత నీది. పిల్ల నీ దగ్గరే ఉందనుకున్నా నేను."

"పిల్లేమన్నా కాలవ నీళ్ళా నాన్నా?"

"వారాలు పెట్టింది ఎవరంట?"

"పెట్టినప్పుడు సరేనంది ఎవరంట?"

బిళ్ళబంట్రోతు తల బయటికి పెట్టి, "అమ్మా, అయ్యా, ఇంట్లో పెట్టుకోండి అయ్యన్నీ, లోపల మేడమ్ గారున్నారు," అన్నాడు. ఇద్దరూ బెంచీకి వెనక్కి ఆనుకున్నారు. నా రెండు భుజాలకీ రెండు వేడి భుజాలు తగులుతున్నాయి. చిన్నప్పుడు కూడా ఇట్లాగే, చర్చిలో పూజ జరుగుతుంటే నాకు అటొకరు ఇటొకరు, నా వెనక నుంచి చేతులు పోనిచ్చి ఒకరినొకరు గిల్లుకునేవాళ్ళు, క్రిస్టినా మాత్రం నా ఒళ్ళో. క్రిస్టినా ఎప్పుడూ ఎవరినీ గిల్లలేదు. జాన్ పాల్ కూతురి ఫంక్షన్‌లో బట్టలు పెట్టే దగ్గర మాట తేడా వచ్చి ఈ అన్నాచెల్లెళ్ళు మాటలు మానేసినప్పుడు కూడా క్రిస్టినా వంటింట్లో గిన్నెలు తోముతూనే ఉంది. వాళ్ళిద్దరూ మాటలు మానేశాక ఆ ఇంటి మాట ఈ ఇంటికి, ఈ ఇంటి మాట ఆ ఇంటికి నా ఫోన్‌లోనే నడిచింది. మాటలు రానివాడిని మధ్యలో పెట్టుకున్నారు.

ఇద్దరి లెక్కా సరైందే. అదే నన్ను తినేస్తోంది. కాలువ మీద రెండు లెక్కలూ ఉన్నాయి. వంతు వారంలో గట్టుకి గండి పడి నీళ్ళు అందకపోతే, పోయిన వంతు పోయినట్టే అంటారు ఎగువ వాళ్ళు, కాదు, మా వారం మాకు రావాలి అంటారు దిగువ వాళ్ళు. పారకర్రలతో తలలు పగలగొట్టుకోవడం నా కళ్ళతో చూశాను, రక్తం కారుతున్న మనిషిని భుజాన వేసుకుని ఆసుపత్రికి మోశాను. ఈ ప్రపంచంలో ఆ రెండు లెక్కల సంగతీ నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు. శనివారం సాయంత్రం డయానా ఫోన్ చేసి, "నాన్నా, రేపు పూజయ్యాక పిల్లని హనుమాన్ జంక్షన్ బస్సెక్కిస్తా, కండక్టరుకి చెబుతాలే," అంటే సరేనన్నాను. అన్నయ్యకి నువ్వు చెప్పు అని ఆమె అనలేదు. అనక్కర్లేదు, ఎప్పుడూ నేనే గదా చెప్పేది. నేను చెప్పలేదు. వంతు రోజున మనిషి తూము దగ్గర ఉండకుండా ఎట్లా ఉంటాడు అనుకున్నాను. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని గట్టు మీద నడిచాను, కాలువ ఎండిపోయి పగుళ్ళు తీసి ఉంది, పగుళ్ళ మధ్య ఒక నత్తగుల్ల, దాన్ని చూస్తూ కూడా నిలబడ్డాను కాసేపు. నత్తగుల్లను చూడటానికి తీరిక ఉంది.

జాన్ పాల్ పంచర్ షాపు ఆ జంక్షన్‌కి ఎంత దూరం. కేక వేస్తే వినపడేంత దూరం కాకపోవచ్చు గాని, లారీ టైరు పేలితే వినపడేంత దూరం. ఆదివారమంతా వాడు అక్కడే ఉన్నాడు, టైర్లు విప్పుతూ, మేనకోడలు రోడ్డుకి ఆ పక్కన నిలబడి ఉందని తెలియకుండా. తాటిముంజలు అమ్మే ఆమె చూసిందట. పిల్లకి ముంజలు ఒలిచి పెట్టి, ఎవరింటికమ్మా అని అడిగితే, "ఈ వారం ఎవరిదో మామయ్యకి తెలుసు," అందట. మామయ్య ఎక్కడ అంటే, వస్తాడు అందట. ఎండలో నుంచి నీడలోకి రమ్మంటే, ఇక్కడ లేకపోతే మామయ్యకి కనపడను అని కదల్లేదట. సాయంత్రం పడ్డాక పోలీసులొచ్చారు. ఊరేది అంటే లాకుల దగ్గర అందట, ఏ లాకులు అంటే తాతయ్య లాకులు అందట, ఊరు తేలక హోములో పెట్టారు. తరవాత జాన్ పాల్ వెళ్ళి ఆ ముంజలామెను కనుక్కుంటే నలుగురిలో నిలబెట్టి తిట్టింది. "నీ కడుపున పుట్టినదైతే మర్చిపోతావంటయ్యా? పొద్దుట్నించీ నీకోసం మెడ సాచి చూసింది గదయ్యా!" ఆ మాట వాడే వచ్చి నాతో చెప్పాడు, చెప్పి గోడకి తిరిగి నిలబడ్డాడు. నా కొడుకు ఏడ్వడం నేను అప్పుడే చూశాను, వీపు మాత్రమే చూశాను. బుధవారం దాకా మాలో ఎవరికీ తెలియలేదు. పిల్ల అన్న ఇంట్లో ఉందని డయానా, తాత ఇంట్లో ఉందని వాడు, వాడింట్లో ఉందని నేనూ నా భార్య రావమ్మా. మూడు ఇళ్ళలోనూ ఆ పూట అన్నాలు వండుకున్నారు, తిన్నారు, పడుకున్నారు. బుధవారం కోడలు ఫోన్ చేసి, "అత్తయ్యా, పిల్ల ఏం చేస్తోంది, జొరం తగ్గిందా?" అంటే రావమ్మ, "మీ దగ్గరుంటే నన్నడుగుతావేంటే?" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆగిపోవడం నేను అరుగు మీద నుంచి విన్నాను.

ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. పాస్క పండుగ నాడు, అదే ఈస్టరు నాడు, మా ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నప్పుడు పడింది ఆ వంతుల మాట. రావమ్మ మోకాళ్ళు పట్టుకుని లేస్తుంటే డయానా చూసి, "అమ్మ ఈ మోకాళ్ళతో పిల్లని ఎట్టా చూస్తది, తలా ఒక వారం తీసుకుందాం," అంది. కోడలు కూడా, "అవును, ఒక్కళ్ళ మీదే వేస్తే ఎట్టా, అందరి పిల్ల గదా," అంది. అందరి పిల్ల. ఆ మాట ఎంత బాగుంది వినడానికి. జాన్ పాల్ ఎముక కొరుకుతూ తలూపాడు. నేను పళ్ళెంలోకి చూశాను. ఎందుకంటే అంతకు వారం ముందే, మట్టల ఆదివారం నాడు, క్రిస్టినా పిల్లని వెంటబెట్టుకుని గట్టు మీదకి వచ్చింది. నేను లాకు చక్రానికి గ్రీజు పూస్తున్నాను. నా ఉద్యోగం అయిపోయి ఎన్నో ఏళ్ళయినా వేసవిలో కాలువ కట్టేసినప్పుడు ఆ పని చేస్తాను, ఎవరూ వద్దనలేదు. "నాన్నా, పని కుదుర్చుకుని వచ్చేస్తా. అందాకా పిల్లని ఒక్కచోట ఉంచండి. వాళ్ళ నాన్న పోయాక ఇల్లు మారీ మారీ దీనికి నిద్రలో ఏ గోడ ఏ పక్కుందో తెలీడం లేదు, లేచి తడుముకుంటోంది," అంది. వాళ్ళ నాన్న పోయాక అంటే చచ్చిపోయాక కాదు, వెళ్ళిపోయాక. సరేనన్నాను. ఎక్కడికి వెళ్తున్నావమ్మా అని అడగలేదు. ఏం పని అని అడగలేదు. ఎప్పుడు తిన్నావు అని అడగలేదు, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, చూశాను, అడగలేదు. సరే అన్న తరవాత కూడా అది కదలకుండా నిలబడింది. నేను గ్రీజు పూస్తున్నాను. ఎంతసేపు నిలబడిందో. ఇప్పుడు ఈ బెంచీ మీద తెలుస్తోంది దేనికోసం నిలబడిందో. తరవాత ఆటో చప్పుడు వినపడింది. కొన్నాళ్ళు దాని ఫోన్ మోగింది, తరవాత అదీ లేదు. పాస్క భోజనాల దగ్గర నేను నోరు తెరిచి, ఒక్కచోట ఉంచమంది దాని తల్లి, అని ఆ నాలుగు మాటలు అనుంటే. మజ్జిగ పోసుకుని లేచాను.

పిల్ల కూడా ఎంత తొందరగా నేర్చుకుంది. ఏ ఇంట్లో సబ్బు ఎక్కడుంటుందో, ఏ ఇంట్లో రాత్రి లేస్తే లైటు ఎటుందో. భవానీపురంలో డయానా ఇంట్లో పెదనాన్న రాత్రంతా ఆటో నడిపి పగలు నిద్రపోతాడు కాబట్టి గట్టిగా మాట్లాడకూడదు. జంక్షన్‌లో మామయ్య కూతుళ్ళు చూస్తున్న టీవీ మార్చమనకూడదు. మా దగ్గర కాలువ గట్టు దిగకూడదు. ఒకరోజు మధ్యాహ్నం మా ఇంట్లో నేను దగ్గుతుంటే పరుగెత్తుకొచ్చి నోటి మీద వేలు పెట్టుకుని, "ష్, పెదనాన్న లేస్తాడు," అంది. తరవాత చుట్టూ చూసుకుంది. గోడల వంక చూసి, అమ్మమ్మ చీర చూసి, "అయ్యో, ఇది ఈ ఇల్లా," అంది. రావమ్మ నవ్వింది. నేనూ నవ్వాననుకుంటా.

"ఇన్నయ్య గారు ఎవరండీ?"

తలుపు తెరుచుకుంది. లేస్తే మోకాలు పట్టేసింది, డయానా ఒక చెయ్యి, జాన్ పాల్ ఒక చెయ్యి పట్టుకున్నారు. గదిలో ఏసీ చల్లగా ఉంది, చెమట వీపు మీద గడ్డకట్టినట్టయింది. మేడమ్ గారు నా చిన్నకూతురికన్నా కొంచెం పెద్దదిగా ఉంటుందేమో, కళ్ళజోడు పైకి నెట్టుకుని, "కూర్చోండి పెద్దాయనా. పాప ఆదివారం దొరికింది. మీరు బుధవారం సాయంత్రానికి గానీ రాలేదు. నేను ఈ కుర్చీలో కూర్చున్నాక తల్లీతండ్రీ లేని పిల్లల్ని చూశాను, మూడిళ్ళుండి మూడు రోజులు ఎవరూ వెతకని పిల్లని చూళ్ళేదు," అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. "సరే, అయిందేదో అయింది. కొన్నాళ్ళకి ఇమ్మంటున్నారు, ఇస్తాం. కానీ మూడిళ్ళకి ఇవ్వను. ఒక్క ఇల్లు. ఒక్క మనిషి పేరు చెప్పండి."

"నాకివ్వండి మేడమ్," అంది డయానా. "నా దగ్గరే ఉంటది. సెలవలకి మాత్రం నాన్న దగ్గరికి..."

"మేనమామని నేనుండగా వేరేవాళ్ళెందుకండీ," అన్నాడు జాన్ పాల్. "మా ఆవిడ పుట్టింటికెళ్ళినప్పుడు ఒకటి రెండు వారాలు అటూ ఇటూ..."

మేడమ్ గారు పెన్ను కింద పెట్టింది. "మళ్ళీ మొదలెట్టారా?"

"నేను," అన్నాను.

ఇద్దరూ నా వంక తిరిగారు. ఆ గొంతు నాదేనా అని నాకూ అనిపించింది.

"మీ ఇంటి ముందే కాలవంట గదా? మావాళ్ళు చూసొచ్చారు. రేపో మాపో నీళ్ళొదులుతారు."

"వదుల్తారండి. వీళ్ళిద్దర్నీ, ఆ పిల్ల తల్లినీ ఆ గట్టు మీదే పెంచాను. ఒక్కరూ జారి పడలేదండి."

"వయసు?"

చెప్పాను. రావమ్మ మోకాళ్ళ సంగతి కూడా చెప్పాను, దాచడం ఎందుకు. ఎప్పటిదాకా ఉంచుకుంటారు అంది. వాళ్ళమ్మ వచ్చేదాకా అన్నాను. రాకపోతే అంది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏం లేదు. లాకు దగ్గరైతే ఇట్లాంటి చోట నీళ్ళ హోరు ఉండేది, దాని వెనక దాక్కునేవాడిని. "వస్తదండి," అన్నాను. "రాకపోయినా నేనున్నంత కాలం నా దగ్గరే. వీళ్ళకి వంతులే కావాలనుకుంటే వాళ్ళకి వాళ్ళు వేసుకుంటారు. వారానికొకరు మా ఇంటికే వచ్చి చూసుకుంటారు. దాన్ని కదపనండి." ఇంకా ఏదో అన్నాను, పెరుగు సంగతి కూడా చెప్పాననుకుంటా. డయానా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జాన్ పాల్ నేల చూస్తూ, "నాన్న దగ్గరే ఉంచండి మేడమ్," అన్నాడు. డయానా ఆ మాట విని, ఏడాది తరవాత మొదటిసారి వాడి వంక నేరుగా చూసి, "అన్నయ్య చెప్పిందే నేనూ చెప్తున్నా," అంది. ఆ ఆదివారానికి ముందు ఆ మాత్రం మాట ఒకటి వాళ్ళ మధ్య ఉండుంటే. వేలిముద్ర వేస్తారా అంటే సంతకం వచ్చు అన్నాను, చేశాను. నెలనెలా వచ్చి చూస్తాం, పిల్ల అక్కడ లేకపోతే తిరిగి తెచ్చేసుకుంటాం అంది మేడమ్ గారు. తెచ్చుకోండి అన్నాను.

హోము వెనక వైపు మెట్ల దగ్గర నిలబడమన్నారు. ఆయా వినీల చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఎవరో శ్రద్ధగా వేశారు. మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా చూసింది, ఒక్కరి దగ్గరికీ రాలేదు, ఎవరు చెయ్యి చాపుతారా అని చూస్తోంది. నేను చాపాను. వచ్చింది. నెమ్మదిగా, బుద్ధిగా వచ్చి నా వేలు పట్టుకుంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి ఆయాతో, "కిటికీ దగ్గర మంచం ఎవరికీ ఇవ్వొద్దు, ఆదివారం వచ్చేస్తా," అంది.

ఆయా నా ముఖం చూసింది. "ఆ మంచమంటే బాగా ఇష్టమండి పాపకి. పక్క పిల్ల మార్చుకుందాం అన్నా మారదు. రాత్రుళ్ళు ఒక్కసారి కూడా లేవలేదు," అంది.

నేను వంగాను. వంగడం కష్టమే అయినా వంగాను. "ఆదివారం ఇక్కడికి రానక్కర్లేదమ్మా. ఇంక ఏ ఇంటికీ పోనక్కర్లేదు. తాతయ్య దగ్గరే, ఎప్పుడూ," అన్నాను. సంతోషపడుతుందనుకున్నాను. అది నా వంక చూసింది, మెట్ల వంక చూసింది, పైన కిటికీ వంక చూసింది, నా వేలు వదిలేసి వెళ్ళి ఆయా కాళ్ళు కరుచుకుని ఏడవడం మొదలుపెట్టింది. తల్లి ఆటో ఎక్కిన రోజున ఏడవలేదు. ఏ ఆదివారమూ ఏ గుమ్మంలోనూ ఏడవలేదు. ఎన్నాళ్ళదో ఆ ఏడుపు, లోపల్నుంచి తన్నుకొస్తోంది, ఊపిరి అందడం లేదు. పిల్లని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాననుకున్నాను గాని, దానికి దొరికిన ఇల్లు వదిలించి తీసుకెళ్తున్నాను.

డయానా ఎత్తుకోబోతే వద్దన్నాను. బస్సుకి టైమవుతోంది నాన్నా అన్నాడు జాన్ పాల్. మీరు పదండి అన్నాను. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ గేటు దాకా వెళ్ళి, వెళ్ళలేక అక్కడే నిలబడ్డారు. నేను మెట్టు మీద కూర్చున్నాను, ఆయా కూడా పై మెట్టు మీద కూలబడింది, పిల్ల ఆమె ఒళ్ళో ముఖం దాచుకుంది. ఇదుగో, దాని వీపు ఎగసిపడుతోంది, నా చెయ్యి అందేంత దూరంలోనే ఉంది, వెయ్యడం లేదు. దాని ఏడుపు అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను. "నీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడే వెళ్దాం," అంటున్నాను, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అంటున్నాను, వింటోందో లేదో తెలియదు, అయినా అంటున్నాను.